ఒరేయ్ మామా, 122 దగ్గర ఆపెయ్యకు

ఒరేయ్ మామా,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. "గ్వెన్ పోయాక ఇంకేముందిరా అందులో, పుస్తకం మూసేశా" అన్నావు. దానికి నీకు ఫోన్లో జవాబు చెబుదామంటే నువ్వు మధ్యలో అడ్డొస్తావు, నేను గొంతు పెంచుతాను, అసలు సంగతి ఎటో పోతుంది. అందుకే కాగితం ముందేసుకుని కూర్చున్నా. తీరిగ్గా చదువు.

నువ్వు ఆపింది "అమేజింగ్ స్పైడర్‌మ్యాన్" కామిక్స్‌లో 1973 జులై నాటి 122వ సంచిక దగ్గర. ఎందుకాపావో నాకు తెలుసు. 121లో గ్రీన్ గోబ్లిన్ అనే విలన్, పీటర్ ప్రేమించిన గ్వెన్‌ని వంతెన మీంచి కిందకి తోసేస్తాడు. పీటర్, అంటే మన స్పైడర్‌మ్యాన్, సాలెతాడు విసిరి కాలు అందుకుంటాడు. పైకి లాక్కుంటూ కాపాడేశానని సంబరంగా మాట్లాడుతూనే ఉంటాడు, ఆమె పలకదు. 122లో అదే గోబ్లిన్ని చావగొడతాడు. ఇంకాస్త కొడితే ప్రాణం పోతుందన్న చోట తన చెయ్యి తనే ఆపుకుంటాడు. చివరికి వాడి గ్లైడరే వాణ్ణి పొడిచి చంపుతుంది. ఆ తర్వాత పీటర్ గదికి వాళ్ళ స్నేహితురాలు మేరీ జేన్ వస్తుంది. పీటర్ నోటికొచ్చినట్టు అని పొమ్మంటే, గుమ్మం దాకా వెళ్ళి, వెళ్ళిపోకుండా తలుపు లోపల్నించే మూస్తుంది. అక్కడితో కథ పూర్తయిపోయినట్టే ఉంటుంది, ఒప్పుకుంటా.

కానీ అది నెలనెలా రావలసిన పుస్తకం. 20 సెంట్లు పెట్టి కొనుక్కునే పిల్లలు ఆగస్టులో మళ్ళీ దుకాణం ముందు నిలబడతారు. గ్వెన్ లేకపోయినా పీటర్ మళ్ళీ ఆ ముసుగు తొడుక్కోవాలి. మా నాన్న పోయాక నేను మొదటిసారి ఆఫీసుకి వెళ్ళిన రోజు నీకు చెప్పాను కదా, సీట్లో కూర్చున్నానో లేదో ఒకాయన వచ్చి ప్రింటర్ పనిచెయ్యట్లేదు చూడమన్నాడని. ఆయన తప్పేమీ లేదు. లేచి వెళ్ళి చూశాను కూడా. 123, 124, 125 సంచికలు చదువుతుంటే నాకు ఆ రోజు మళ్ళీ తెలిసింది. అందుకే అవి నాకంత ఇష్టం.

123లో గ్వెన్ అంత్యక్రియలు ఉంటాయి. డైలీ బ్యూగిల్ యజమాని జోనా జేమ్సన్ ఆస్బోర్న్ (ఆ గోబ్లిన్ అసలు పేరు) చావుని కూడా స్పైడర్‌మ్యాన్ నెత్తినే వేసి, పట్టుకురమ్మని డబ్బుకి పనిచేసే ల్యూక్ కేజ్ అనే హీరోకి డబ్బిస్తాడు. కేజ్ వచ్చి కొడతాడు, తర్వాత అసలు సంగతి తెలిసి ఆ డబ్బు వదిలేస్తాడు. ఆ సంచికని చప్పున చదివెయ్, ఫరవాలేదు. ఆగి చదవాల్సింది సెప్టెంబరు నాటి 124. దాని పేరు "ది మార్క్ ఆఫ్ ది మ్యాన్‌వుల్ఫ్".

తోడేలు మనిషా అని నువ్వు పెదవి విరుస్తావని తెలుసు. గ్వెన్ చావు లాంటి ఘట్టం తర్వాత పౌర్ణమి, కోరలు, ఒంటినిండా బొచ్చు ఏమిటి అంటావు. ఆ తోడేలు అప్పుడే ఎందుకొచ్చిందో కొంచెం చెప్తా. 1954లో అమెరికా కామిక్స్ వాళ్ళు తమకు తామే ఒక నియమావళి పెట్టుకున్నారు. నడిచే శవాలు, రక్తపిశాచాలు, తోడేలు మనుషులు బొమ్మల్లో కనిపించకూడదని అందులో రాసుకున్నారు. పదిహేడేళ్ళ పాటు ఆ తలుపు మూసే ఉంది. 1971లో నియమాలు సడలించారు, పాత సాహిత్యం పద్ధతిలో చూపిస్తే పిశాచాలూ తోడేళ్ళూ ఉండొచ్చన్నారు. అదే ఏడాది అక్టోబరుకి స్పైడర్‌మ్యాన్ 101లో మోర్బియస్ అనే రక్తపిశాచి దిగాడు, 1972లో మార్వెల్ వాళ్ళే "వేర్‌వుల్ఫ్ బై నైట్" మొదలుపెట్టారు. కాబట్టి 1973లో తోడేలు రావడం వింత కాదు, అప్పటి గాలే అది. నన్ను కదిలించింది ఆ తోడేలు ఎవరన్నది.

జాన్ జేమ్సన్. జోనా కొడుకు, వ్యోమగామి. నీకు గుర్తుందో లేదో, 1963 మార్చి నాటి మొట్టమొదటి సంచికలో ఉన్నది ఇతనే. అంతరిక్ష నౌక అదుపు తప్పి పడిపోతుంటే, స్పైడర్‌మ్యాన్ విమానం మీంచి దూకి మరీ ఆ నౌకకి కావలసిన పరికరం బిగించి అతన్ని బతికిస్తాడు. మర్నాడు తండ్రి పత్రికలో ఏం రాయించాడు? స్పైడర్‌మ్యానే ఇదంతా చేశాడు, పట్టుకోండి అని. పదేళ్ళ పగకి మొదలు అక్కడుంది. పదేళ్ళ తర్వాత, పీటర్ లోపలంతా కాలిపోయి ఉన్న వేళకి, అదే కొడుకుని మళ్ళీ అతని ముందు నిలబెట్టారు. ఇంకే విలన్ వచ్చినా కొట్టి పంపేయొచ్చు. జాన్‌ని కొట్టి ఊరుకుంటే చాలదు, బతికించాలి.

ఆ శాపం కూడా రచయిత ఎంత బాగా అల్లాడో చూడు. అడవిలో కాటు లేదు, మంత్రగత్తె లేదు. చంద్రుడి మీదికి వెళ్ళినప్పుడు దొరికిన ఒక ఎర్రరాయిని జాన్ మెడలో పతకంగా వేసుకుంటాడు. వెన్నెల తగిలితే ఆ రాయి అతన్ని తోడేలుగా మార్చేస్తుంది, పైగా చర్మానికే అతుక్కుపోతుంది. ఈ సంచిక వచ్చేనాటికి అపోలో 17 తిరిగొచ్చి ఏడాది కూడా కాలేదు. అపోలో వాళ్ళంతా కలిపి తెచ్చిన చంద్రశిలలు 382 కిలోలు. వాటిలో చాలావరకు పరిశోధనశాలల్లో భద్రంగా ఉన్నాయి, ఈ కథలో ఒక్కటి మాత్రం ఒక మనిషి గొంతుకి పట్టుకుంది. పేపర్లో చంద్రుడి వార్తలు చదివి పెరిగిన పిల్లలకి అది ఎలా అనిపించి ఉంటుందో ఊహించు. ఇది రాసిన గెర్రీ కాన్వేకి కూడా అప్పటికి 20 ఏళ్ళు.

తోడేలైన జాన్ నేరుగా తండ్రి మీదకే వస్తాడు. జోనా అంటే నాకెప్పుడూ కోపమే, నీకు తెలుసు. కానీ ఆ మృగం తన కొడుకేనని అతనికి తెలిశాక అతని మొహం చూడు. అంతవరకూ ప్రతి సంచికలోనూ అరిచే మనిషి. ఊళ్ళో ఎవరికి ఏ కీడు జరిగినా స్పైడర్‌మ్యాన్ పేరు చెప్పి అచ్చువేసే మనిషి. ఇక్కడ అచ్చువెయ్యడానికి ఏమీ లేదు. జాన్‌కి క్రిస్టీన్ సాండర్స్ అనే అమ్మాయితో పెళ్ళి కుదిరి ఉంది, ఆమె కూడా ఇందులోకి వస్తుంది. ప్రేమించిన మనిషి చేజారిపోతుంటే చూస్తూ నిలబడిన ఆ అమ్మాయిని పీటర్ ఏ కళ్ళతో చూసి ఉంటాడో నువ్వే చెప్పు. కొన్ని వారాల క్రితం వంతెన మీద అతను పడింది అదే కదా.

బొమ్మల గురించి ఒక మాట. 124కి గిల్ కేన్, జాన్ రొమిటా. కేన్ మనుషుల్ని కింద నుంచి చూసినట్టు గీస్తాడు, గడ్డం, ముక్కుపుటాలు ముందుకొస్తాయి, ఒళ్ళంతా విల్లులా వంగుతుంది. మనుషులకి ఒక్కోసారి అది ఎబ్బెట్టుగా ఉంటుంది గానీ తోడేలుకి భలే కుదిరింది. రొమిటా చాలాకాలం ప్రేమ కథల కామిక్స్ గీసినవాడు కాబట్టి పీటర్ మొహంలో బాధ అంత తేలిగ్గా పలుకుతుంది. 125కి రాస్ ఆండ్రూ వచ్చాడు, నాకు అతని న్యూయార్క్ మేడలే ఎక్కువ ఇష్టం, ఎత్తు చూస్తే కళ్ళు తిరుగుతాయి.

ఇక 125, అక్టోబరు, "వుల్ఫ్‌హంట్". చివరి పోరాటంలో పీటర్ ఆ రాయిని పట్టుకుని జాన్ గొంతు మీంచి పెరికేస్తాడు. మాంసంలో దిగబడిన రాయి, పెరికితే ప్రాణం పోతుందో నిలుస్తుందో తెలీదు. అయినా పెరికేస్తాడు. బొచ్చు రాలిపోయి మనిషి బయటపడతాడు, బతుకుతాడు. మూడు సంచికల క్రితం ఇవే చేతులు గోబ్లిన్ని చంపబోయి ఆగిపోయాయి. అంతకుముందు ఇవే చేతులు విసిరిన తాడు గ్వెన్‌ని పట్టుకుంది.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం ఇప్పుడు చెప్తున్నా. అదే 125వ సంచికలో పాఠకుల ఉత్తరాల పేజీ ఉంది. గ్వెన్ ఎలా చచ్చిపోయిందని పిల్లలు అడుగుతూనే ఉన్నారు. 121లో ఆమె మెడ పక్కన "స్నాప్" అని సన్నగా రాసి ఉంటుంది కదా, దాని అర్థమేమిటని. సంపాదకులు ఆ పేజీలో దాచకుండా చెప్పేశారు: అంత వేగంగా పడుతున్న మనిషిని సాలెతాడు ఒక్కసారిగా ఆపేసరికి ఆ కుదుపుకే ప్రాణం పోయిందని. అంటే విసిరిన తాడే చంపింది. చూశావా, కథలో ఒక మనిషిని తన చేతులతో బతికించిన సంచికలోనే, ఉత్తరాల పేజీలో ఆ చేతుల మీద ఆ మాట పడింది. పీటర్‌కి ఆ పేజీ తెలీదు. మనకి తెలుసు. తెలిసీ జాన్ మెడ దగ్గరికి అతని చెయ్యి వెళ్ళడం చూస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది. అచ్చులో ఈ రెండూ ఒకే పుస్తకంలో పడటం ఎవరైనా కావాలని చేశారని నేననను, కానీ అలా పడ్డాయి. పాఠకుల ఉత్తరాలు తీసేసిన సంకలనంలో చదివితే ఇది నీకు దొరకదు, అందుకే విడి సంచికలు స్కాన్ చేసినవే వెతుక్కో.

ఇంకోటి కూడా ఉంది. ఇంత జరిగినా జోనా మారడు. పదేళ్ళ క్రితం కొడుకుని కాపాడితే తిట్టాడు, ఇప్పుడూ తిడతాడు. నువ్వు దీన్ని కథకుడి లోపం అంటావేమో, నాకలా అనిపించదు. కొడుకుని అలా చూసిన తండ్రికి ఎవరో ఒకరి మీద కోపం పెట్టుకోకపోతే నిలబడటం కష్టం. 122లో పీటర్ మేరీ జేన్ మీద విరుచుకుపడింది కూడా అందుకే కదరా. వాళ్ళిద్దరూ ఒకే జబ్బుతో ఉన్నారు, ఒకరికొకరు చెప్పుకోలేరు.

ఆ ఎర్రరాయి కథ అక్కడితో అయిపోదు. 1974లో మోర్బియస్ దాన్ని వెతికి తీసి జాన్ని మళ్ళీ తోడేలుని చేస్తాడు, ఆ తర్వాత మ్యాన్‌వుల్ఫ్‌కి సొంత కథలే వచ్చాయి, వేరే లోకాలకి కూడా వెళ్తాడు. అవి నాకంత పట్టలేదు. నువ్వు 124, 125 చదివి, కుదిరితే 129 దాకా వెళ్ళు, 1974 ఫిబ్రవరిది, అక్కడ జాకల్ అనే విలన్ వస్తాడు, గ్వెన్ పేరు మళ్ళీ ఎందుకొస్తుందో తర్వాత నీకే తెలుస్తుంది.

అమ్మమ్మ మోకాలి ఆపరేషన్ ఎప్పుడో రాయలేదు నువ్వు. తేదీ చెప్తే నేను ముందే సెలవు పెట్టుకుని వస్తా, రాత్రిళ్ళు ఆసుపత్రిలో నేనుంటాను, నువ్వు పడుకో. వదినని అడిగానని చెప్పు. 125 చదివాక ఏ వేళైనా సరే ఫోన్ చెయ్, జోనా గురించి నీతో గొడవ పడాలి.

నీ
బావ