చేనేత వెబ్‌సైట్లలో కొంగు కనపడాలి

సంపాదకులకు నమస్కారం.

పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు లభించినా, నేను చూసిన చిన్న దుకాణాల వెబ్‌సైట్లలో మడతపెట్టిన చీర ఫొటో, ధర, ఫోన్ నంబరు తప్ప మరేమీ లేవు. నేతకు ముందే నూలుకు కట్లు కట్టి రంగుల్లో ముంచే పనిని అర నిమిషం వీడియోలో చూపితే, ప్రింటు చీరకూ ఇక్కత్ చీరకూ ధరలో అంత తేడా ఎందుకో విడమరచి చెప్పనక్కర్లేదు. కొంగును, అంచును, ముఖ్యంగా చీర వెనుకవైపును (నిజమైన ఇక్కత్‌లో రంగు రెండువైపులా పలుకుతుంది) పెద్దవి చేసి చూసుకునే వీలు, వాట్సాప్‌లో నేరుగా అడిగే బటన్ ఉంటే చాలు. పేజీ తెరవగానే మోగే సంగీతం మాత్రం, నా దృష్టిలో, వచ్చినవారిని వెళ్లగొట్టడానికే పనికొస్తుంది. చేనేత, జౌళి శాఖ నేత కుటుంబాల యువతకు ఇలాంటి వెబ్‌సైట్ల తయారీలో శిక్షణ ఇప్పించాలని మనవి.

ఇట్లు,
ఒక చేనేత ప్రియురాలు, భువనగిరి