చదవని పుస్తకాన్ని ఇక మెచ్చుకోను

మన షాపుకి వచ్చేవాళ్లందరికీ నమస్కారం.

ముందు ఒక తప్పు ఒప్పుకుని మిగతా సంగతులు చెప్తాను. నాన్న తర్వాత ఈ షాపు నా చేతికొచ్చి పదిహేనేళ్లు దాటింది. ఇన్నేళ్లూ చదవని పుస్తకాల గురించి కూడా చదివినట్టే మాట్లాడాను. అట్ట వెనక రాసిన నాలుగు ముక్కలకి మీలో ఎవరో అన్న మాటొకటి చేర్చి, పైన కాస్త నవ్వి బండి లాగించేశాను. పోయిన నెల అడ్డంగా దొరికిపోయాను.

సీతమ్మధార నుంచి వచ్చే రిటైర్డ్ టీచర్ గారొకరు మీలో చాలామందికి తెలుసు. ఆవిడ వచ్చి, "కాలాతీత వ్యక్తులు ఉందామ్మా? మా మనవరాలికి ఇద్దామని. ఎలా ఉంటుందంటావు?" అని అడిగారు. "చాలా బాగుంటుందండీ. పాపం ఆ ఇందిర కష్టాలు చదువుతుంటే ఏడుపాగదు" అన్నాను. ఆవిడ కళ్లద్దాల పైనుంచి నన్నొకసారి చూసి, తెరిచిన పర్సు మూసేశారు. "ఇందిర ఏడిపించే మనిషి కాదమ్మా. నువ్వీ పుస్తకం చదవలేదు" అన్నారు. పక్కనే మురీ మిక్చర్ తింటూ నిలబడ్డ ఇద్దరు కాలేజీ పిల్లలు కిసుక్కున నవ్వారు. (షాపులో ఏమీ తినొద్దని బోర్డు పెట్టాను. అది వేరే గొడవ.)

ఆ రాత్రే పుస్తకం ఇంటికి తీసుకెళ్లాను. టీచర్ గారు చెప్పింది నిజం. ఇందిర మీద జాలిపడే సందు ఆ రచయిత్రి మనకివ్వలేదు. తండ్రి సంపాదించడు, ఇల్లు ఈ అమ్మాయే నడపాలి. అయినా ఎవరి దగ్గరా గోడు వెళ్లబోసుకోదు. తనకేం కావాలో తనకి తెలుసు. అది దక్కకపోతే ఇంకో దారి చూసుకుంటుంది. పైవాటాలో ఉండే మెడికల్ స్టూడెంటు ప్రకాశం ఉన్నాడే, చదువుకున్న పిరికివాడు. అలాంటివాళ్లని నేను కనీసం ముగ్గుర్ని ఎరుగుదును, అందులో ఒకాయన మా చుట్టమే. అరవై డెబ్భై ఏళ్ల కిందటి మన విశాఖపట్నంలో జరిగే కథ ఇది. డాక్టర్ పి. శ్రీదేవి అనకాపల్లిలో పుట్టారు, వృత్తికి డాక్టరు. 1957లో తెలుగు స్వతంత్ర పత్రికలో సీరియల్‌గా మొదలైన ఈ ఒక్క నవలే రాసి, ముప్పై రెండేళ్లు నిండకుండానే 1961లో పోయారు. తర్వాత 1963లో దీని ఆధారంగా చదువుకున్న అమ్మాయిలు సినిమా తీశారు. సినిమా చూసినవాళ్లు కథ తెలుసులే అని పుస్తకం వదిలేయకండి. నేను పదిహేనేళ్లు చేసిన పని అదే. సినిమా చూసి పుస్తకం గురించి మాట్లాడాను.

ఒక్క ఫిర్యాదు ఉంది. ఇందులో కల్యాణి అని ఇంకో అమ్మాయి ఉంది, ఆవిడ వచ్చినప్పుడల్లా కథ కాస్త నెమ్మదిస్తుంది. ఆవిడ మంచితనం నాకు అంతగా పట్టలేదు. దీని మీద మీలో ఇద్దరు కాగితం మీదే యుద్ధం చేసుకున్నారు, అది కింద చెప్తాను.

అప్పట్నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. నేను చదివిన పుస్తకం గురించే నోరు విప్పుతాను. చదవకపోతే "చదవలేదండీ" అంటాను. నచ్చకపోతే నచ్చలేదనే చెప్తాను, అమ్ముడుపోకపోయినా సరే. కౌంటర్ పక్కన పాత చెక్క స్టూలు మీద ఇప్పుడు చదువుతున్నవి పెడుతున్నాను. ఒక్కోదానిలో నా చేతిరాతతో చిన్న చీటీ ఉంటుంది.

ఈ వారం స్టూలు మీద అన్నిటికన్నా పైనున్నది రావిశాస్త్రి గారి అల్పజీవి. ఆ కాపీ చూసి చాలామంది "ఇదేంటి, ఇలా ఉబ్బిపోయింది?" అంటున్నారు. అది హుద్‌హుద్ తుఫాను కాపీ. 2014 అక్టోబరు 12న గాలి షట్టర్ని వంచేసి నీళ్లు లోపలికొచ్చినప్పుడు కింది రెండు అరలు తడిసిపోయాయి. కరెంటు లేదు, ఫ్యాన్లు లేవు. పుస్తకాలు మేడమీద ఆరబెట్టి, వాటి మీద ఇటుకలు పెట్టాం. చాలావాటిని పాతకాగితాలవాడికే ఇచ్చేశాను. ఇది మాత్రం ఉంచుకున్నాను. పేజీలు అలల్లా వంకర్లు పోయాయి, నాన్న వేసిన నీలం రబ్బరు స్టాంపు కరిగి మూడు పేజీల దాకా మరకైంది. అమ్మడానికి పనికిరాదు కాబట్టి నాది.

పుస్తకం సంగతంటారా, మొదట చికాకొచ్చింది. సుబ్బయ్య అనే గుమాస్తా ప్రతిదానికీ భయపడతాడు. ఆఫీసులో భయం, ఇంట్లో భయం, ఎదుటివాడు గొంతు పెంచితే భయం. నలభై పేజీల దాకా "ఒరే, ఒక్కసారి ఎదురు తిరగరా" అనుకుంటూ చదివాను. తర్వాత ఒక మధ్యాహ్నం షాపు ఓనరు అద్దె గురించి మాట్లాడ్డానికి వచ్చారు. నేను లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "అలాగేనండీ" అన్నాను. ఆయన వెళ్లాక సుబ్బయ్యని తిట్టే హక్కు నాకు లేదనిపించింది. ఆ రోజు నుంచి పుస్తకం వేగంగా సాగింది. రావిశాస్త్రి గారు ఈ ఊళ్లోనే వకీలుగా పనిచేశారు. మనుషులు భయపడి అబద్ధమాడేటప్పుడు గొంతు ఎలా మారుతుందో కోర్టులో రోజూ విని ఉంటారు. పోలిక మీద పోలిక వేసుకుంటూ పోతారు, అది కొందరికి పడదు. ఆయన్ని మొదటిసారి చదివేవాళ్లకి నేనైతే ముందు ఆరు సారా కథలు ఇస్తాను. మద్యనిషేధం రోజుల కథలు, ఒక్కోటి ఒక్కో సాయంత్రం.

ఇక కామిక్స్. ఇక్కడ నా పరువు ఇంకా పోయింది.

ఏడాది కిందట పిల్లలు అడుగుతున్నారని మాంగా పుస్తకాలు, అంటే జపాన్ బొమ్మల కథలు, కొన్ని తెప్పించాను. వన్ పీస్ మొదటి భాగం తీసుకెళ్లిన ఒక అబ్బాయి వాళ్ల నాన్నగారు మర్నాడే తిరిగొచ్చారు. "ఏమండీ, బైండింగు తిరగేసి వేశారు. చివరి పేజీ ముందుంది" అన్నారు. చూశాను, నిజమే అనిపించింది. డబ్బులు వెనక్కిచ్చి, సప్లయర్‌కి ఫోన్ చేసి గట్టిగా అరిచాను. ఆయన అంతా విని, "అమ్మా, జపాన్‌వాళ్లు కుడి నుంచి ఎడమకి చదువుతారు" అన్నాడు. ఇంకేమనలేదు, మంచి మనిషి. ఆ నాన్నగారు ఇది చదువుతుంటే, ఆ పుస్తకం మీ అబ్బాయి కోసం పక్కన పెట్టే ఉంచానండీ.

సరే, అమ్మేది ఏంటో తెలుసుకుందామని నేనూ మొదలుపెట్టాను. ఇప్పుడు పదకొండో భాగంలో ఉన్నాను. రబ్బరులా సాగే ఒంటితో లూఫీ అనే కుర్రాడు సముద్రపు దొంగలకి రాజవ్వాలనుకుంటాడు. వినడానికి వెర్రిగానే ఉంది. కానీ మొదటి అధ్యాయంలోనే ఆ పిల్లాణ్ణి కాపాడబోయి షాంక్స్ అనే సముద్రపు దొంగ చెయ్యి పోగొట్టుకుంటాడు. ఆ పేజీ దగ్గర కాసేపు ఆగిపోయాను. తొమ్మిదో భాగం చివర నామి అనే అమ్మాయి భుజం పొడుచుకుంటూ కూలబడి, ఇంక వేరే దారి లేక లూఫీని సాయం అడుగుతుంది. అతను ఒక్క ప్రశ్న వెయ్యడు. తన టోపీ తీసి ఆమె తలమీద పెట్టి నడిచి వెళ్లిపోతాడు. ఇదే నవలలో రాస్తే రెండు పేజీల వర్ణన పడేది. అక్కడ చాలా తక్కువ మాటల్లో అయిపోయింది. బొమ్మల కథలంటే చిన్నచూపు చూసిన నా నోరు ఆ పేజీ మూయించింది.

నచ్చనిది పోట్లాటలు. ఒక్కో పోట్లాట ఎంతకీ తెమలదు, పేజీలు తిప్పేశాను. ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి వచ్చే ఒక కుర్రాడికి ఇంకో అనుమానం: "ఆంటీ, ఇన్ని రోజులు సముద్రం మీద ఉన్నారు కదా, ఒక్కసారి కూడా వల వెయ్యరేటి?" నా దగ్గర జవాబు లేదు. వ్యాపారం లెక్కలో మాత్రం ఇది తలనొప్పి. 1997లో మొదలైన కథ, వంద భాగాలు దాటి ఇంకా నడుస్తోంది. అన్నీ తెప్పిస్తే మిగతా పుస్తకాలు ఫుట్‌పాత్ మీద పెట్టుకోవాలి. ఇరవై భాగాల దాకే ఉంచుతాను, ఆ పైన ఎవరికి కావాలంటే వాళ్లకి ఆర్డర్ పెడతాను.

బొమ్మలున్న ప్రతి పుస్తకం పిల్లలది కాదని కూడా ఈ నెలే తెలిసింది. ఒకాయన ఎనిమిదేళ్ల పాపకి బహుమతిగా మౌస్ తీసుకున్నారు, "ఎలుకల బొమ్మలు, ముచ్చటగా ఉన్నాయి" అని. అదృష్టవశాత్తు అది అంతకుముందు వారమే చదివాను. ఆర్ట్ స్పీగెల్‌మన్ తన తండ్రి ఆష్విట్స్ అనే నాజీ శిబిరపు నరకం నుంచి ఎలా బయటపడ్డాడో ఆయన్నే అడిగి వేసిన బొమ్మల కథ అది. యూదులు ఎలుకలు, నాజీలు పిల్లులు. 1992లో పులిట్జర్ ప్రత్యేక బహుమతి వచ్చింది. చదివాక రెండు రాత్రులు నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆ పాపకి వేరే పుస్తకం ఇచ్చి, ఇది ఆయన్నే చదవమన్నాను. పాత నేనైతే "మంచి సెలక్షన్ సార్" అని బిల్లు కొట్టేసేదాన్ని.

తెలుగులో కామిక్స్ ఎందుకు తక్కువని చాలామంది అడుగుతుంటారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి అబ్బాయి బుజ్జాయి గారి లాంటి మంచి బొమ్మలకారులు మనకి లేకపోలేదు. అనువాదాలు తిరగేస్తుంటే నాకు తోచింది ఇది. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, మాటలేమో పొడుగు. ఇంగ్లీషు మాట కోసం గీసిన బుడగలో తెలుగు ఇరికిస్తే చీమల బారులా కనపడుతుంది. దానికి తోడు కొందరు అనువాదకులు పదేళ్ల పిల్లాడి చేత కూడా "ఆహా, ఏమి ఈ వింత!" అనిపిస్తారు. ఏ పిల్లాడు అంటాడండీ అలా?

నాన్న బైండు చేయించిన చందమామలు తీస్తే ఆ లోటు తెలుస్తుంది. 1952 నుంచి 1980లో పోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు గారు ఆ పత్రికని చూసుకున్నారు. ఎక్కడ చదివినా వాక్యం గొంతులో అడ్డుపడదు. అయితే దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు ఇప్పుడు మళ్లీ చదువుతుంటే ఒకటి కొట్టొచ్చినట్టు కనపడింది. మాంత్రికులకీ మొసళ్లకీ బోలెడు పని ఉంది, ఆడపిల్లలకి మాత్రం పెద్దగా లేదు. చిన్నప్పుడు నాకది తట్టనేలేదు, నన్ను నేను కత్తి పట్టిన కుర్రాడిలోనే చూసుకున్నాను. ఈ సంపుటాలు అద్దెకివ్వను, అమ్మను. షాపులో కూర్చుని చదువుకోవచ్చు. చేతులు కడుక్కుని రండి.

ఒక కొత్త నవల గురించి కూడా చెప్పాలి, పేరు చెప్పను. కిటికీలో పేర్చి పెట్టిన లావుపాటి పుస్తకం, మీరు గుర్తుపడతారు. నూట పది పేజీల దగ్గర ఆపేశాను. అందులో అందరూ ఒకేలా మాట్లాడతారు, పనిమనిషి నుంచి ప్రొఫెసర్ దాకా. చీటీ మీద అదే రాశాను. రెండు కాపీలు అమ్ముడుపోయాయి, "మీకెందుకు నచ్చలేదో చూద్దామని" అంటూ తీసుకెళ్లారు.

ఇప్పుడు కాగితం యుద్ధం. నాన్న రోజుల్లో అద్దె పుస్తకాల చివరి పేజీలో "బాగుంది", "సుత్తి", "టైం వేస్టు" అని రాసేవాళ్లు గుర్తుందా? పుస్తకం పాడవకుండా ఇప్పుడు నేనే వెనక ఒక తెల్లకాగితం అంటిస్తున్నాను. కాలాతీత వ్యక్తులు వెనక కాగితం నిండిపోయింది. నీలం ఇంకువారు "ప్రకాశం చెడ్డవాడు కాదు, చిన్నవాడు" అని రాశారు. కింద ఆకుపచ్చ ఇంకువారు "ఇందిరదీ అదే వయసు" అన్నారు. నీలం ఇంకువారు పుస్తకం మళ్లీ అద్దెకి తీసుకుని మరీ జవాబు రాశారు. రెండో కాగితం అంటించాను. ఆకుపచ్చ ఇంకు ఎవరిదో నాకు తెలుసు, చెప్పను.

ఒక్కటే మనవి. డిటెక్టివ్ నవల మొదటి పేజీలోనే హంతకుడి పేరు పెన్సిల్‌తో రాసి, చుట్టూ సున్నా చుట్టిన మహానుభావులెవరో గానీ, దయచేసి ఆ కాగితం చివర్లో ఎందుకుందో గమనించండి. రబ్బరుతో చెరిపినా అచ్చు కనపడుతోంది.

లెక్కల సంగతి రెండు మాటల్లో. షాపు అద్దె పెరిగింది (సుబ్బయ్య పుణ్యమే అనుకోండి). వచ్చే నెల ఒకటి నుంచి పుస్తకం అద్దె వారానికి 20 నుంచి 30 రూపాయలు. డిపాజిట్ అంతే, 300. స్టూడెంట్లకి పాత రేటే.

టీచర్ గారు మొన్న మళ్లీ వచ్చారు. స్టూలు మీది చీటీలన్నీ నిలబడి చదివి, మనవరాలికి కాలాతీత వ్యక్తులు తీసుకున్నారు. వెళ్తూ వెళ్తూ, "వేయిపడగలు చదివావా?" అని అడిగారు. చదవలేదండీ అన్నాను.

వన్ పీస్ మూడో భాగం ఎవరి దగ్గరుందో ఈ శనివారం లోపు తెచ్చివ్వండి. ఇద్దరు పిల్లలు రోజూ సాయంత్రం వచ్చి రెండో భాగమే మళ్లీ చదివి వెళ్తున్నారు.