ప్రధానోపాధ్యాయురాలి ఉత్తరం: ఇంకా మన గేటు దాటని పిల్లల గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈసారి ఉత్తరం పరీక్షల గురించి కాదు, యూనిఫాం గురించీ కాదు. ఐదేళ్ల లోపు పిల్లల గురించి. మీ ఇంట్లో అంత చిన్నవాళ్లు లేకపోయినా దయచేసి చదవండి. చివర్లో మీకూ ఒక పని ఉంది.

ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఒకటో తరగతి అడ్మిషన్ల రోజున ఒక పాప వచ్చింది. వాళ్ల ఇల్లు చాలా దూరం, అంతకుముందు ఏ ప్లే స్కూల్ మొహమూ చూడలేదు. అక్షరాల కార్డు చూపించి "ఇదేంటమ్మా?" అన్నాను. మాట లేదు. ఇంకోటి చూపించాను. తలే ఎత్తలేదు. ఫారం మీద "సిద్ధంగా లేదు" అని రాసేశాను. రాసి తల పక్కకు తిప్పేసరికి, నా టేబుల్ మీద మూతలు తారుమారై పడున్న స్కెచ్ పెన్నులన్నిటికీ ఆ పిల్ల ఏ రంగు మూత ఆ రంగుకే పెట్టేసి ఉంది. ఆకుపచ్చలో ముదురూ లేతా రెండూ ఉన్నాయి, వాటిని కూడా కలపలేదు. ఫారం మీద రాసింది కొట్టేశాను. కానీ అంతకుముందు ఎంతమంది విషయంలో కొట్టేయకుండా వదిలేశానో అన్న బాధ మాత్రం ఇప్పటికీ ఉంది.

అప్పటి నుంచి అడ్మిషన్‌కి వచ్చిన ప్రతి ఇంటివాళ్లనూ ఒకటే అడుగుతున్నాను: ఇన్నాళ్లూ పిల్లల కోసం మీకు దగ్గర్లో ఏముంది? చాలామంది చెప్పే జవాబు "ఏమీ లేదండీ" అనే.

దూరం అంటే మనకు కిలోమీటర్లే గుర్తొస్తాయి. మూడేళ్ల పిల్ల విషయంలో ఆ లెక్క వేరు. చిన్నపిల్లల్ని చూసుకుని ఆడించే సెంటర్ నలభై నిమిషాల దూరంలో ఉంది, మూడు గంటలు నడుస్తుంది అనుకోండి. దింపి రావాలి, మళ్లీ వెళ్లి తీసుకురావాలి. అంటే నాలుగు ప్రయాణాలు, రెండు గంటల నలభై నిమిషాలు దారిలోనే పోతాయి. మధ్యలో ఇంటి దగ్గర మిగిలేది గంటా నలభై నిమిషాలు. ఆ కాస్త టైములో ఏ ఉద్యోగం చేస్తారు? నాలుగు రోజులు తిప్పి, ఐదో రోజు మానేస్తారు. దాన్ని మనం "తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు" అంటాం. నేనూ అన్నాను.

ఇంకో చిక్కు కూడా ఉంది. పిల్లలు తక్కువని సెంటర్ పెట్టరు. సెంటర్ లేదని చిన్నపిల్లలున్న కుటుంబాలు వేరే చోటికి వెళ్లిపోతాయి. దాంతో పిల్లలు ఇంకా తగ్గుతారు. ఎలాగో ఒక టీచర్‌ని తెచ్చినా, ఉండటానికి ఇల్లు దొరక్క ఏడాది తిరక్కుండానే వెళ్లిపోతారు. చిన్నపిల్లలకు మనిషి అలవాటు కావడమే పెద్ద పని. ఆ మనిషే మారిపోతే మళ్లీ మొదటికే.

అందుకే నా అభిప్రాయం ఇది: చిన్నపిల్లల చదువు విషయంలో మంచి బిల్డింగు కన్నా దగ్గర్లో, రోజూ ఒకే మొహం కనిపించే ఒక గది మేలు. అదీ లేని చోట, మనిషే ఇంటికి వెళ్లడం మేలు.

ఇది కొత్త ఆలోచనేం కాదు. జమైకాలోని కింగ్‌స్టన్‌లో 1986, 87లలో వయసుకు తగ్గ ఎత్తు లేని 129 మంది పసిపిల్లలతో ఒక అధ్యయనం మొదలైంది. వాళ్లలో కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికోసారి, గంటసేపు, రెండేళ్లపాటు వెళ్లారు. ఇంట్లో దొరికే వస్తువులతో చేసిన బొమ్మలు పట్టుకెళ్లి, తల్లికి బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో చూపించారు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, అలా వెళ్లిన ఇళ్ల పిల్లల సంపాదన, వెళ్లని ఇళ్ల పిల్లలతో పోలిస్తే సగటున 25 శాతం ఎక్కువ ఉంది. ఆ కార్యకర్తలు పెద్ద డిగ్రీలున్నవాళ్లు కారు. అమెరికాలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ గురించి కొందరు వినే ఉంటారు. చిన్న వయసులో బడికి పంపితే పెద్దయ్యాక ఏం లాభమో చూడటానికి 123 మంది పిల్లలతో చేసిన చిన్న ప్రయోగం అది, కాబట్టి దాని అంకెలు పట్టుకుని ఎగరక్కర్లేదు. కానీ అందులో టీచర్లు వారానికోసారి పిల్లల ఇళ్లకు వెళ్లేవారన్న సంగతి చాలామంది మర్చిపోతారు. మంగోలియాలోనైతే పశువులతో పాటు తిరిగే కుటుంబాల కోసం వేసవిలో గుడారాల్లోనే కిండర్‌గార్టెన్ నడుపుతారు. పిల్లలున్న చోటికి బడే వెళ్తుందన్నమాట.

మరి ఫోన్లో వీడియోలు పెడితే దూరం సమస్య తీరిపోదా అని కొందరు అడిగారు. తీరదు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు స్క్రీన్ రోజుకు గంట మించకూడదని, ఎంత తగ్గిస్తే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. పిల్ల "అదేంటి?" అని అడిగితే వీడియో ఆగి జవాబు చెప్పదు కదా.

"మేం చదువు కోసం పంపుతాం, ఆయా చూసుకోవడం కోసం కాదు" అని ఒకరిద్దరు అన్నారు. ఈ వయసులో ఆ రెండూ వేరు కావు. చేతులు కడిగిస్తూ "ముందు ఈ చెయ్యి, ఇప్పుడు ఆ చెయ్యి, నీళ్లు చల్లగా ఉన్నాయా?" అని అడిగే ఆయా ఆ నిమిషంలో భాష చెబుతోంది, లెక్క చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి 2018లో ఇచ్చిన పత్రంలో కూడా ఆరోగ్యం, పోషణ, భద్రత, పిల్లల అవసరం గమనించి స్పందించడం, నేర్చుకునే అవకాశం అనే ఐదింటినీ ఒకే గొడుగు కిందే పెట్టారు.

ఇక మన బడి ఏం చేయబోతోందంటే: వచ్చే నెల నుంచి గేటు పక్క గదిని వారానికి రెండు ఉదయాలు మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు తెరుస్తాం. మొదట్లో పెద్దవాళ్లు ఒకరు తోడుండాలి. మన బస్సులో ఖాళీ సీట్లున్న రూట్లలో తోడువాళ్లతో సహా రావచ్చు. రాలేని ఇళ్లకు ఒక టీచర్ బొమ్మల సంచీతో వారానికోసారి వస్తారు. ఈ వారం ఇచ్చిన సంచీ వచ్చే వారం తీసుకుని వేరేది ఇస్తారు. బొమ్మ విరిగితే టెన్షన్ పడకండి, ఆడితేనే విరుగుతుంది. పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడితే ఆ భాషలోనే మాట్లాడనివ్వండి.

అక్షరాలు దిద్దించం. ఈ మాట ముందే చెబుతున్నాను, తర్వాత కోప్పడొద్దు.

మాట ఆలస్యమైనా, పిలిస్తే తిరగకపోయినా, నడకలో తేడా ఉన్నా దాచకండి. అలాంటి పిల్లల్నే ముందు తీసుకురండి. వినికిడి లోపం రెండేళ్లకు తెలియడం వేరు, ఆరేళ్లకు తెలియడం వేరు.

మాకు లేనిది ఒకటుంది: చిన్నపిల్లల సంరక్షణలో శిక్షణ పొందిన మనిషి. మీలో ఎవరైనా అలాంటి కోర్సు చేసి ఇంట్లో ఉంటే వచ్చి కలవండి.

ఈ ఉత్తరంతో పాటు ఒక చీటీ పంపుతున్నాం. మూడే ప్రశ్నలు: మీ చుట్టుపక్కల ఐదేళ్ల లోపు పిల్లలు ఎన్ని ఇళ్లలో ఉన్నారు, వాళ్లకు ఏ టైము వీలు, తీసుకొచ్చేది ఎవరు. వచ్చే శుక్రవారంలోగా మీ పిల్లల డైరీలో పెట్టి పంపండి. పక్కింటివాళ్లకు చదవడం రాకపోతే మీరే చదివి వినిపించి, వాళ్లు చెప్పింది రాసి తీసుకురండి. రెండో చీటీ కావాలంటే ఆఫీసులో ఇస్తారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు