హోం మంత్రి గారూ, మా నాన్న ఫైలు మళ్లీ ఒకసారి తెరవండి

హోం మంత్రి గారికి నమస్కారం.

మా నాన్నను ఈ చివరి రోజుల్లోనైనా ఇంటికి పంపమని పెట్టుకున్న అర్జీని తిరస్కరించినట్టు పోయిన వారం కాగితం వచ్చింది. అందులో రెండే కారణాలు. జీవిత ఖైదీగా 14 ఏళ్లు పూర్తి కాలేదు, జైల్లో వైద్యం అందుతోంది.

నాన్న చేసింది హత్య. కోర్టు తేల్చింది, మేమూ కాదనలేదు. ఆ కుటుంబానికి జరిగిన నష్టం ఎవరూ పూడ్చలేరు, వాళ్లు ఎదురైతే నేను తలెత్తలేను. తొమ్మిదేళ్లుగా ఆయన శిక్ష అనుభవిస్తున్నారు. ఇప్పుడు ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎముకలకు పాకింది, ఇక కీమో పనిచేయదు, నొప్పి తగ్గించడం వరకే మా చేతుల్లో ఉంది అని డాక్టర్లు రాసిచ్చారు. ఆ రిపోర్టు అర్జీకి జత చేశాం. తిరస్కరణ కాగితంలో దాని ఊసే లేదు.

14 ఏళ్ల సంగతి ముందు చెప్తాను. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 433ఎ, 2024 జులై నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 475, ఈ షరతు పెట్టే ఆ సెక్షన్ ప్రభుత్వం చట్టం కింద ఇచ్చే శిక్ష తగ్గింపుకు. మేం అడిగింది రాజ్యాంగం 161వ అధికరణ కింద గవర్నర్ గారి క్షమాభిక్ష. దానికి ఈ 14 ఏళ్ల షరతు అడ్డు కాదని సుప్రీంకోర్టు 1980లోనే మారూ రామ్ కేసులో చెప్పింది. గవర్నర్ గారు నడుచుకోవాల్సింది మంత్రివర్గం సలహా ప్రకారమే కాబట్టి, ఫైలు మీ శాఖలో ఆగిపోతే ఇక కదిలే దారే లేదు.

ఇక వైద్యం. జైలు డాక్టర్ మంచి మనిషే, ఆయన్ని ఏమీ అనను. కానీ ఎస్కార్ట్ పోలీసులు దొరకలేదని రెండుసార్లు ఆసుపత్రి డేట్ తప్పింది, ఎముకల్లో నొప్పితో రాత్రంతా మేలుకునే మనిషికి ఒక డేట్ తప్పడం అంటే ఏంటో ఆలోచించండి. మొన్న ములాఖత్‌లో అద్దం అవతల కూర్చోబెట్టారు, ఫోన్ రిసీవర్ చేతిలో నిలవక జారిపోతుంటే పక్కనున్న ఖైదీ తీసి చెవికి ఆనించి పట్టుకున్నాడు. "అమ్మ బీపీ మాత్రలు వేసుకుంటోందా" అని అడిగారు. దగ్గు ఆగక ఇంకేమీ మాట్లాడలేకపోయారు, టైమ్ అయిపోయింది.

2021 జులైలో, ఆదివాసీల హక్కుల కోసం పనిచేసిన 84 ఏళ్ల క్రైస్తవ ఫాదర్ స్టాన్ స్వామి బెయిల్ మీద విచారణ జరగాల్సిన రోజే ఆయన చనిపోయారని కోర్టుకు చెప్పాల్సి వచ్చింది. ఆయన విచారణ ఖైదీ, మా నాన్న శిక్ష పడినవాడు, కేసుకీ కేసుకీ పోలిక లేదు. నా భయం మాత్రం అదే. అనుమతి వచ్చేసరికి మనిషి ఉండడేమోనని.

నేను అడిగేది ఇదే. మెడికల్ బోర్డు చేత నాన్నను పరీక్ష చేయించండి, ఆ రిపోర్టుతో ఫైలును 161 కింద మంత్రివర్గం ముందు పెట్టండి, అది తేలేదాకా పెరోల్ ఇవ్వండి. ఏ షరతు పెట్టినా ఒప్పుకుంటాం. రోజూ స్టేషన్‌కు వచ్చి సంతకం పెట్టమంటే మాత్రం ఆయన నడవలేరు, కానిస్టేబుల్‌నే ఇంటికి పంపండి, ఎప్పుడొచ్చినా తలుపు తీస్తాం.

ఇట్లు,
ఒక ఖైదీ కూతురు