ఒక్కదానివే వెళ్ళి తిను పాపా

పాపా,

నిన్న ఫోన్లో "ఒక్కదాన్నే పోయి హోటల్లో ఏం కూర్చుంటా నాన్నా, అందరూ నన్నే చూస్తున్నట్టుంటుంది" అన్నావు. అప్పుడు ఊరుకున్నా గానీ ఆ మాట నాకు నచ్చలేదు. ఫోన్లో చెబితే సగంలోనే "సరే సరే" అని పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నా. రోజూ రాత్రి పీజీలో మంచం మీద కూర్చుని, యాప్‌లో తెప్పించుకున్న దోసెను డబ్బాలోంచి తీసి తినడం ఏం తిండి చెప్పు, అది నీ దగ్గరికి వచ్చేలోపే మెత్తబడిపోయి ఉంటుంది.

ఒక్కరే వచ్చి తినేవాళ్ళ కోసమే అన్నట్టు హోటళ్ళు పెట్టుకున్న ఊరు బెంగళూరు. నువ్వు రోజూ దాటిపోయే దర్శినులే చూడు. 1983లో జయనగర్‌లో ఆర్. ప్రభాకర్ అనే ఆయన ఆలోచనతో కెఫే దర్శిని వచ్చింది, తర్వాత అలాంటి హోటళ్ళన్నిటికీ ఆ పేరే నిలిచిపోయింది. డబ్బు కట్టి చీటీ తీసుకోవడం, అది కౌంటర్లో ఇచ్చి ప్లేటు అందుకోవడం, ఎత్తు బల్ల దగ్గర నిలబడి తినేసి వెళ్ళిపోవడం, అంతే. "ఎంతమంది మేడమ్" అని అడిగేవాడే ఉండడు. నీ పక్కన ఆటో నడిపేవాడు, ఇంకోపక్క ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకున్నవాడు, ఎవరి ప్లేటు వాళ్ళది. నిన్ను చూసే తీరిక ఎవరికీ ఉండదు పాపా.

సాంబారు విడిగా కావాలంటే ముందే "బేరె కొడి" అను, లేకపోతే ఇడ్లీ మీదే పోసేస్తారు. అక్కడి సాంబారులో బెల్లం తగులుతుంది, మన అనంతపురం నోటికి అది ఒక పట్టాన ఎక్కదు, నేనైతే ఇప్పటికీ చట్నీతోనే లాగించేస్తా. కారం, తీపి రెండూ తినాలనిపిస్తే చౌ చౌ బాత్ అడుగు, ఖారాబాత్ అనే ఉప్మా, కేసరిబాత్ అనే రవ్వకేసరి ఒకే ప్లేటులో పెట్టిస్తారు.

పెళ్ళికి ముందు నేను చామరాజపేటలో గది తీసుకుని ఉన్నప్పుడు ఎక్కువగా శంకరపురంలోని బ్రాహ్మిన్స్ కాఫీ బార్‌కే పోయేవాణ్ణి. 1965 నుంచి ఉంది, సాంబారన్న మాటే లేదు, ఇడ్లీ, వడ, చట్నీ, కాఫీ, ఆ రెండు బాత్‌లు. చట్నీ ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా పోస్తారు. అక్కడ నిలబడి తినడం అలవాటయ్యాకే ఆ ఊళ్ళో నాకు బెరుకు పోయింది.

కూర్చుని తినాలనిపిస్తే గాంధీ బజార్లో విద్యార్థి భవన్‌కు పో, 1943 నాటిది. నేషనల్ కాలేజి స్టేషన్లో మెట్రో దిగితే నడిచిపోవచ్చు. శుక్రవారం మూత, ఆదివారం పొద్దున జనం, కాబట్టి ఆ రెండూ వద్దు. రద్దీగా ఉన్నప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్ళతో ఒకే బల్ల దగ్గర కూర్చోబెడతారు, అది చూసి వెనక్కి వచ్చేయకు. పంచె కట్టిన సర్వరు ఒక్క చేతి మీద అన్నేసి దోసె ప్లేట్లు పేర్చుకుని వస్తుంటే ఎదుటివాళ్ళు కూడా నీలాగే నోరు తెరుచుకుని చూస్తుంటారు.

అన్నం మీద బెంగ పడితే రెసిడెన్సీ రోడ్డులో నాగార్జున ఉంది, అరటాకులో పప్పు, పొడి, నెయ్యి. "ఆంధ్రా స్టైల్" బోర్డులు ఊరంతా కనిపిస్తాయి, అన్నీ బాగుంటాయని కాదు. మధ్యాహ్నం ఏ హోటల్లో ఒంటరిగా వచ్చి తినేవాళ్ళు ఎక్కువుంటారో అక్కడికే పో. కూరలో ఉప్పు ఎక్కువైనా పప్పు చల్లారినా వాళ్ళు మళ్ళీ రారు.

ఇక మొన్న ఫ్రెండ్స్‌తో వెళ్ళిన కెఫే బిల్లు పంపావు కదా, అందులో 5 శాతం జీఎస్టీ సరే, కింద 10 శాతం సర్వీస్ చార్జి ఎందుకు కట్టావు? దాన్ని అడక్కుండా బిల్లులో కలపకూడదని వినియోగదారుల రక్షణ అథారిటీ 2022లోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. "తీసేయండి" అని మర్యాదగా చెప్పు, వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తానను. నలుగురిలో అడగడానికి మొహమాటం అంటావేమో, ఆ డబ్బుతో దర్శినిలో ఒక పూట గడిచిపోతుంది. నీళ్ళు కూడా బాటిల్ తెచ్చి పెట్టకముందే మామూలు నీళ్ళు అడుగు.

ఈ శనివారం పొద్దున ఒక్కదానివే జయనగర్ పోయి టిఫిన్ చెయ్యి. నువ్వున్న బీటీఎం నుంచి ఎంతో దూరం లేదు. ఫొటో పంపడం కాదు, దోసె ఎలా ఉందో ఫోన్ చేసి చెప్పు. కందిపొడి అయిపోయిందా అని మీ అమ్మ అడుగుతోంది, రాఘవ వాళ్ళబ్బాయి ఆదివారం అటే వస్తున్నాడు, కావాలంటే ఇచ్చి పంపిస్తాం.

నాన్న