పడిన చోటు సంగతి ఎవరు చూస్తారు?

సంపాదకుడు గారికి,

సైకిల్ రేసుల గురించి తెలుగు పేపరుకి ఉత్తరమేంటి అనుకోకండి. మన దగ్గర క్రికెట్ చూసేవాళ్లతో పోలిస్తే టూర్ డి ఫ్రాన్స్ చూసేవాళ్లు పిసరంత కూడా ఉండరు, కానీ ఉన్నవాళ్లం మాత్రం గట్టిగానే చూస్తాం. జూలై వచ్చిందంటే రాత్రి అన్నం తింటూ ఫోన్‌లో ఆఖరి కిలోమీటర్లు, తెల్లారి నార్సింగి వైపు రైడ్‌లో దాని మీదే పంచాయితీ. ఈ మధ్య మా సైక్లింగ్ గ్రూపులో, పోలండ్ రేసులో ఒక రైడర్ ఘోరంగా పడిన పాత వీడియో మళ్లీ తిరుగుతోంది. దాని కింద పడుతున్న తిట్లు, తప్పు ఫలానా మనిషిదే అనే మాటలు చూసి ఇది రాస్తున్నాను, ఎందుకంటే హైదరాబాద్ రోడ్ల మీద ఎవరైనా సైక్లిస్టు పడినప్పుడు కూడా అచ్చం ఇవే మాటలు వింటున్నాం.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తా. 2020 ఆగస్టు 5, టూర్ ఆఫ్ పోలండ్ మొదటి రోజు, కటోవిట్సెలో ఫినిష్. ఇద్దరూ నెదర్లాండ్స్ కుర్రాళ్లే, ఫాబియో యాకబ్సన్, డిలన్ గ్రూనవేగన్, పక్కపక్కనే స్ప్రింట్ కొడుతున్నారు. గ్రూనవేగన్ తన లైన్ వదిలి పక్కకి జరిగాడు, యాకబ్సన్‌కి సందు లేక బారికేడ్ల మీదికి పోయాడు, అవేమో అతన్ని ఆపడానికి బదులు ఊడి ఎగిరిపోయాయి. డాక్టర్లు అతన్ని కోమాలో ఉంచాల్సొచ్చింది. ముఖానికి 130 కుట్లు, పళ్లు పోయాయి, ఆ తర్వాత తుంటి దగ్గరి ఎముక తీసి దవడలో పెట్టారు. అప్పటికి వయసు 23.

అభిమానులు ఏం చేశారు? ప్రార్థనలు చేశారు, నిజమే. దాంతో పాటు గ్రూనవేగన్‌ని, అతని ఇంట్లోవాళ్లని చంపుతామని బెదిరించారు కూడా, పోలీసులు కాపలా ఉండాల్సిన పరిస్థితి వచ్చింది. తప్పు అతనిదే, నేనేమీ వెనకేసుకు రావట్లేదు, తొమ్మిది నెలల నిషేధం పడింది, పడాల్సిందే. కానీ ఆ ఫినిష్ చూడండి ఒకసారి. దిగుడు రోడ్డు, గంటకి 80 కిలోమీటర్ల దాకా వేగం, ఇది ప్రమాదం రా బాబూ అని రైడర్లు ముందు నుంచే మొత్తుకుంటున్న చోటు. పక్కన పెట్టిన బారికేడ్లేమో ఆ దెబ్బకి చెల్లాచెదురయ్యేవి. గ్రూనవేగన్‌ని ఇన్నేళ్ల తర్వాత కూడా తిడుతున్న మా గ్రూపులో, దిగుడు మీద ఫినిష్ పెట్టిందెవరు అని మాత్రం ఒక్కరూ అడగలేదు. మనిషిని తిట్టడం తేలిక, మొహం కనిపిస్తుంది కాబట్టి. రోడ్డుకి మొహం ఉండదు కదా.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. యాకబ్సన్ 2021 ఏప్రిల్‌లో టర్కీలో మళ్లీ రేసులోకి దిగాడు, అదే ఏడాది స్పెయిన్‌లో జరిగే పెద్ద రేసు వుఎల్టాలో మూడు స్టేజీలు (అంటే ఒక్కో రోజు రేసు), పాయింట్లలో మొదటివాడికిచ్చే గ్రీన్ జెర్సీ కొట్టాడు. 2022 టూర్ డి ఫ్రాన్స్ డెన్మార్క్‌లో మొదలైంది. జూలై 2న ఆ రోజు స్టేజీ యాకబ్సన్ గెలిచాడు, మర్నాటి స్టేజీ గ్రూనవేగన్ గెలిచాడు. సినిమాలో పెడితే ఇది అతిగా ఉందంటాం. రెండు రోజులూ చప్పట్లు కొట్టినవాళ్లలో రెండేళ్ల కింద బూతులు తిట్టినవాళ్లు ఎంతమందో! నాకు ఆ చప్పట్ల కన్నా ముఖ్యమనిపించింది వేరే ఉంది. ఆ ప్రమాదం తర్వాత అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ 2021లో భద్రతా నిబంధనలు మార్చింది, అందులో బారికేడ్ల సంగతి కూడా ఉంది. సరిపోయిందా అంటే లేదు, ఇంకా పడుతూనే ఉన్నారు, ప్రాణాలు పోతున్నాయి కూడా. కనీసం పడిన చోటు వైపు ఒకసారి చూశారు.

ఇప్పుడు మన ఊరికి రండి. ఒక సైక్లిస్టుని కారు గుద్దిందనుకోండి, మధ్యాహ్నానికల్లా సీసీటీవీ క్లిప్ అందరి ఫోన్లలో ఉంటుంది, ఆ కుటుంబానికి కబురు అందక ముందే. కింద రెండు పార్టీలు. కారోణ్ని లోపలెయ్యాలని ఒకరు, పొద్దున్నే మెయిన్ రోడ్డు మీద వీళ్లకేం పని, పార్కులో తొక్కుకోవచ్చుగా అని ఇంకొకరు. హెల్మెట్ పెట్టుకున్నాడా లేదా అని మూడో రోజు దాకా చర్చ. నాలుగో రోజుకి అంతా మర్చిపోతారు.

సైకిల్ తొక్కేవాడు ఉండేది రోడ్డుకి ఎడమ అంచున. అక్కడ ఏముంటుందో కారులో వెళ్లేవాళ్లకి తెలియదు. వాన నీళ్లు పోవడానికి వేసిన ఇనుప జాలీ ఉంటుంది, దాని కడ్డీలు రోడ్డు వెంబడే పొడుగ్గా ఉంటే రోడ్ బైక్ సన్న టైరు ఆ సందులో సరిగ్గా దిగిపోతుంది, మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకి పడతాడు. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోతే మ్యాన్‌హోల్ మూత కిందకి ఉండిపోయి చిన్న గొయ్యి తయారవుతుంది. మిక్సర్ లారీ నుంచి కారిన కాంక్రీటు అక్కడే గడ్డకట్టి ఉంటుంది. వీటిని తప్పించడానికి సైకిల్ ఒక్క అడుగు కుడికి జరిగిందంటే వెనక కారువాడికి అది 'సడన్‌గా అడ్డం రావడం'. కేసులో అదే రాస్తారు. జాలీ ఊసే ఉండదు.

ట్రాక్ కట్టారు కదా అనొచ్చు. కట్టారు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్, బాగుంది, నేనూ తొక్కుతాను. అక్కడిదాకా చేరాలంటే మాత్రం టిప్పర్లు తిరిగే, రాంగ్ రూట్ బైకులు ఎదురొచ్చే రోడ్ల మీదే పోవాలి, అందుకే చాలామంది సైకిల్‌ని కారెక్కించుకుని వెళ్తున్నారు. పైగా పాలు వేసేవాళ్లు, వాచ్‌మెన్లు, డ్యూటీకి సైకిల్ మీద పోయేవాళ్లకి ఆ ట్రాక్‌తో పనేంటి? వాళ్లు పడితే వీడియో కూడా తిరగదు.

టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన ఎగాన్ బెర్నాల్ అంతటివాడే 2022 జనవరిలో సొంత దేశం కొలంబియాలో ప్రాక్టీస్ చేస్తూ ఆగి ఉన్న బస్సుని గుద్దుకున్నాడు. వెన్నుపూసలు, తొడ ఎముక విరిగాయి. మామూలు రోడ్డు మీద తొక్కేటప్పుడు చాంపియన్ అయినా, పాలబ్బాయి అయినా ఒకటే.

అందుకని మీకొక విన్నపం. సైక్లిస్టు ప్రమాదం వార్త వేసినప్పుడు క్లిప్‌లోంచి తీసిన ఫొటో వద్దు, ఆ చోటు ఫొటో వేయండి, జాలీ, గుంత, వీధి లైటు కనిపించేలా. నెల తర్వాత మీ విలేఖరిని మళ్లీ అక్కడికే పంపి అదే చోట ఇంకో ఫొటో తీయించండి. రెండూ పక్కపక్కన, సిటీ పేజీలో ఓ మూల అయినా పర్లేదు. కింద ఆ రోడ్డు ఏ శాఖదో, బాధ్యత ఏ హోదా అధికారిదో ఒక్క లైను. మా గ్రూపులో ఆ పోలండ్ వీడియోకి బదులు దాన్ని తిప్పే పూచీ నాది.

ఇట్లు
ఒక పాఠకుడు,
నల్లగండ్ల, హైదరాబాద్