ఆ నాలుగున్నర గంటలు: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారాలు.

మాది శ్రీకాకుళం జిల్లా, మందస మండలంలో జీడితోటల ఊరు. పోయిన ఏడాది పిక్కల సీజన్లో ఒకరోజు పొద్దున్న ఆరున్నరకి నాన్న అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నారు. తాగిన టీ కుడి పెదవి మూల నుంచి చొక్కా మీదకి కారిపోతోంది. ఆయనకి తెలియడం లేదు. ‘‘ఏటయింది నాన్నా’’ అంటే మాట ముద్దగా వచ్చింది. కుడిచేతిలోని గ్లాసు జారిపోయింది.

పక్షవాతమని అందరికీ తెలిసింది. ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. నూనె రాసి మర్దన చేశాం. పక్క ఊళ్లో పసరు మందు ఇచ్చే ఆయన దగ్గరికి ఆటోలో తీసుకెళ్లాం. అక్కణ్ణుంచి దగ్గర్లోని ఆసుపత్రికి పోతే స్కానింగ్ లేదన్నారు. శ్రీకాకుళం చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. మెదడులో రక్తనాళానికి అడ్డుపడిన గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఉందట. నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, అదీ రక్తస్రావం లేదని సీటీ స్కాన్‌లో తేలాకే. అంటే పదకొండుకే మా టైం అయిపోయింది. డాక్టరు గారు ఆ మాట చెప్తుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

నాన్నకి బీపీ ఉందని ముందే తెలుసు. ‘ఒళ్లు బాగానే ఉంది కదా’ అని మాత్రలు మానేశారు. బీపీకి నొప్పి ఉండదు, అదే దాని ప్రమాదం. పక్షవాతానికి అన్నిటికంటే పెద్ద కారణం అదే. షుగరు, పొగ దానికి తోడు. మా వైపు పెద్దవయసు ఆడవాళ్లు నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. నోటి క్యాన్సర్ వస్తుందని వాళ్లకి చెప్పినవాళ్లున్నారు గానీ, కాలూ చెయ్యీ కూడా పడిపోవచ్చని చెప్పగా నేను వినలేదు. ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు దాటకూడదు. ఎండుచేపల కూర, ఆవకాయ ఉన్న పూట ఆ లెక్క ఎక్కడ నిలుస్తుంది?

మీరు చెయ్యగలిగినవే అడుగుతున్నాను. రాత్రీపగలూ సీటీ స్కానూ, ఈ ఇంజెక్షనూ ఉండే ఆసుపత్రి ఇచ్ఛాపురం, సోంపేట వైపు వాళ్లకి గంటలో అందాలి. పక్షవాతం అనుమానం ఉంటే 108 వాళ్లు నేరుగా అక్కడికే తీసుకెళ్లాలి, దారిలోంచే ఫోన్ చెయ్యాలి. ఊళ్లో బీపీ మాత్రలు ఒక్క నెల కూడా ఆగకూడదు. మూతి వంకర, చెయ్యి లేవకపోవడం, మాట తడబాటు, వెంటనే 108: ఈ నాలుగు ముక్కలు ప్రతి సచివాలయం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

ఈసారి పిక్కలు అమ్మ ఒక్కతే ఏరుతోంది.

ఇట్లు,
మందస మండలం నుంచి ఒక రైతు కూతురు